పుస్తకం తెరవగానే చెయ్యి ఫోన్ మీదికి పోతోంది, ఏం చేయాలి?

గ్రూప్-2కి చదవాలనుకుంటూనే రోజూ 'రేపు చూద్దాం' అని వాయిదా వేస్తున్నానని, ఉత్సాహం రెండు రోజులు కూడా నిలవట్లేదని అడిగారు.

దీన్ని బద్ధకం అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. చాలాసార్లు పనిని చూస్తే పుట్టే టెన్షన్ నుంచి తప్పించుకోవడమే వాయిదా. 'ఈ రోజు పాలిటీ పూర్తి చేయాలి' అనుకుంటే ఎవరికైనా గుండె జారుతుంది. 'రాజ్యాంగంలో సమానత్వపు హక్కు, 14 నుంచి 18వ అధికరణ దాకా' అనుకుని చూడండి, కూర్చోబుద్ధి అవుతుంది.

ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా ముందే ఖాయం చేసుకోండి. 'కాఫీ గ్లాసు కింద పెట్టగానే బల్ల దగ్గరికి వెళ్తాను' అన్నంత కచ్చితంగా. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ దీని మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశారు.

ఇక సమయం. 1980ల చివర్లో ఇటలీ విద్యార్థి ఫ్రాన్సెస్కో చిరిల్లో టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని చదివేవాడు. 25 నిమిషాలు చదువు, 5 నిమిషాలు విరామం. మీకు 10 నిమిషాలే కుదిరితే పదితోనే మొదలుపెట్టండి.

ఫోన్ సైలెంట్‌లో ఉంటే చాలదు, పక్క గదిలో బీరువాలో పెట్టాలి. మధ్యలో గ్యాస్ బుకింగో కరెంటు బిల్లో గుర్తొస్తే లేవకండి. పక్కనున్న కాగితం మీద ఒక్క ముక్క రాసి, విరామంలో చూసుకోండి.