బెంగళూరు మ్యూజియాల్లో ఏం చూడాలి? డ్రాయింగ్ మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను అనంతపురంలో ఇంటి దగ్గరే మగ్గం వర్క్ చేస్తాను. సెలవుల్లో రెండు రోజులు బెంగళూరు పోతున్నాం. మోడరన్ ఆర్ట్ మ్యూజియం చూడాలని నా కోరిక. మా ఆయనేమో "ఆ గీతలు మనవాడూ గీస్తాడు, దానికి టికెట్ ఎందుకు?" అంటున్నారు. బాబుకు తొమ్మిదేళ్లు. అర్థం కాని చోటికి పోయి ఊరికే తల ఊపి రావడమేనా అని నాకూ కొంచెం టెన్షన్‌గానే ఉంది.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: సోమవారం మాత్రం పెట్టుకోకమ్మా, నేను చెప్పబోయే రెండు మ్యూజియాలకూ ఆ రోజు సెలవు.

నువ్వు బట్ట మీద పనిచేసేదానివి కాబట్టి మొదట కస్తూర్బా రోడ్డులోని మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీకి పో. అందరూ మ్యాప్ అంటారు. 2023లో తెరిచారు. మెజెస్టిక్ దగ్గరి కేఎస్ఆర్ బెంగళూరు స్టేషన్‌లో రైలు దిగి, అక్కడే పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగొచ్చు, మధ్యలో మారే పని లేదు. భవనం చుట్టూ స్టీలు పలకలు ఉంటాయి, మిద్దెల మీది పాత నీళ్ల ట్యాంకులను గుర్తుచేసేలా కట్టారు. వాళ్ల సేకరణలో పెయింటింగులే కాదు, పాత బట్టలు, ఫొటోలు, సినిమా పోస్టర్లు కూడా ఉన్నాయి. ప్రదర్శనలు మారుతుంటాయి కాబట్టి ఇప్పుడేం పెట్టారో బయల్దేరే ముందు ఫోన్లో చూసుకో.

ఇక అర్థం కాదేమోనని భయపడ్డావు కదా, ఎట్లా చూడాలో చెబుతా. 1958లో అమెరికా డిజైనర్లు ఛార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు మన దేశం తిరిగి ప్రభుత్వానికి ఒక రిపోర్టు ఇచ్చారు. అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టడానికి అదే దారి. అందులో వాళ్లు ఎక్కువగా మెచ్చుకున్నది మన చెంబును! ఎన్ని నీళ్లు పట్టాలి, చంకన పెట్టుకుంటే ఎట్లా ఆనాలి, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ బరువు ఎటు తూగాలి, వంచితే ధార ఎట్లా పడాలి, లోపల చెయ్యి పెట్టి తోమడానికి వీలుందా? ఇవన్నీ ఏ ఒక్కరో కూర్చుని గీసింది కాదు, తరతరాలుగా కుదిరింది అన్నారు. మ్యూజియంలో ఏ వస్తువు ముందు నిలబడినా ఇలాంటి ప్రశ్నలే వేసుకో. జరీ పని కనిపిస్తే, కుట్టు ఎక్కడ మొదలుపెట్టారో, వెనకవైపు దారం ఎట్లా దాచారో నీకు తట్టినంతగా ఆ హాల్లో చాలామందికి తట్టదు. ఆ లెక్కన నువ్వు తల ఊపడానికి పోవడం లేదు.

మీ ఆయన మాటకు జవాబు ప్యాలెస్ రోడ్డులో ఉంది. అక్కడి మాణిక్యవేలు మాన్షన్‌లో 2009 నుంచి నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ నడుస్తోంది. పాత బంగళా, పక్కన కొత్త భాగం, పెద్ద చెట్లు. ఆటోలో పోండి. బెంగాలీ చిత్రకారుడు జామినీ రాయ్ బొమ్మలు కనిపిస్తే మీ ఆయన్ను వాటి ముందు నిలబెట్టు. పెద్ద కళ్లు, నాలుగు గీతలు, రెండు మూడు మట్టిరంగులు. పిల్లల పనిలాగే ఉంటుంది. కానీ ఆ మనిషి కలకత్తా ఆర్ట్ స్కూల్లో చదివి, విదేశీ పద్ధతిలో అచ్చుగుద్దినట్టు పోర్ట్రెయిట్లు వేసినవాడు. అది వదిలేసి బెంగాల్ పల్లె పటాల వైపు, కలకత్తా కాళీఘాట్ గుడి దగ్గర అమ్మే పటాల వైపు మళ్లాడు. చేతకాక వేసిన గీతలు కావవి. ఇంత చెప్పినా ఆయన ఒప్పుకోకపోతే వదిలెయ్, చెట్టు కింద కూర్చోనీ.

బాబుకు చిన్న నోట్‌బుక్, పెన్సిల్ ఇవ్వు. తనకు నచ్చిన ఒక్క బొమ్మ గీసుకుంటే చాలు. గంటన్నర దాటితే పిల్లలకు కాళ్లు నొప్పి, పెద్దలకు విసుగు. రెండు మ్యూజియాలూ ఒకే పూట పెట్టుకోవద్దు. ఏదీ ముట్టుకోవద్దని వాడికి ముందే చెప్పు, నీకూ చెబుతున్నా, బట్ట చూస్తే నీ చెయ్యి ఆగదు.

ప్రశ్న: కర్నూలు నుంచి హైదరాబాద్ పోతే ఇలాంటివి చూడొచ్చా సార్?
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: చూడొచ్చు. మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. సాలార్‌జంగ్‌లో గడియారం దగ్గరే ఆగిపోకుండా ఆధునిక భారతీయ చిత్రాల గదికి కూడా పో, రవివర్మ అక్కడున్నాడు. దానికి సెలవు శుక్రవారం.