నొప్పి లేదు, నెత్తురు రాదు... మరి ఇగురు ఎందుకు జారింది?

ప్రశ్న: మా నాయనకు 46 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. పదిహేనేళ్లుగా తంబాకులో సున్నం నలిపి కింది పెదవి లోపల పెట్టుకుంటారు. ఇప్పుడు సరిగ్గా అక్కడే ఇగురు (పంటి చిగురు) కిందికి జారి పంటి వేరు కనబడుతోంది. పక్కన తెల్ల మచ్చ కూడా ఉంది. దవాఖానకు పోదామంటే ‘నొప్పి లేదు, నెత్తురు రాదు, నాకేమైతది’ అంటారు. నిజంగానే భయం లేదా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అమ్మా, మీ నాయన ధైర్యానికి కారణమైన ఆ రెండు మాటలే నాకు నచ్చడం లేదు. నికోటిన్ చిగుళ్లలోని సన్నటి రక్తనాళాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. అలాంటి చిగురు లోపల దెబ్బతిన్నా పైకి ఎర్రబడకపోవచ్చు, బ్రష్ తగిలినా నెత్తురు రాకపోవచ్చు. ఇక తెల్ల మచ్చ మొదట్లో నొప్పి పెట్టడం అరుదు. పంటి నొప్పికి తంబాకు పెట్టుకొమ్మనే పెద్దలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్లకూ ఇది చెప్పండి.

సున్నం సంగతి చూద్దాం. అది క్షారం. తంబాకులోని నికోటిన్‌ను చర్మంలోంచి తేలిగ్గా దూరిపోయే రూపంలోకి మారుస్తుంది. సున్నం తగలకపోతే మజా రాదనేది అందుకే. అదే సున్నం చిగురు పైపొర కణాలను కాలుస్తుంది కూడా. రోజూ కాలుతుంటే ఒళ్లు ఏం చేస్తుంది? బస్తాలు మోసి మోసి మీ నాయన భుజం కాయ కాసి ఉంటుంది కదా, నోట్లోనూ అలాగే పొర మందమవుతుంది. తడిలో ఉంటుంది కాబట్టి తెల్లగా కనబడుతుంది. కాకపోతే భుజం మీది కాయకు విషం తగలదు, దీనికి తగులుతుంది.

ఆ విషం పేరు నైట్రోసమైన్లు. ఆకును ఆరబెట్టి మాగబెట్టేటప్పుడు తయారవుతాయి. కణంలోకి వెళ్లాక అక్కడి ఎంజైములే వాటిని మార్చి మరింత ప్రమాదకరం చేస్తాయి. అవి డీఎన్‌ఏకు అతుక్కుంటాయి. కణం తనను తాను బాగుచేసుకోగలదు, కానీ టైం కావాలి. కాలిన చోట కొత్త కణాల కోసం తొందర తొందరగా విభజన జరుగుతుంటుంది. బాగుపడకముందే కణం రెండైతే ఆ తప్పు శాశ్వతంగా నిలిచిపోతుంది. కణాల పెరుగుదలకు కళ్లెం వేసే పి53 జన్యువులోనే తప్పు పడితే కథ క్యాన్సర్ వైపు తిరగవచ్చు. నమిలే పొగాకు క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది.

ఇగురు జారడం వేరే దారి. పైపొర కింద కొలాజెన్ అనే పోగులు నేసే కణాలుంటాయి. పంటిని చిగురు పట్టుకుని ఉండేది ఆ పోగులతోనే. నికోటిన్ ఆ నేతను మందగింపజేస్తుంది. జారిన ఇగురు తనంతట తాను పైకి రాదు.

మచ్చ మాత్రం చాలామందిలో తంబాకు మానేసిన కొన్ని వారాలకు తగ్గుతుంది. అయినా పదిహేనేళ్ల అలవాటు కాబట్టి తగ్గుతుందేమోనని ఎదురుచూడకుండా ఈ వారమే చూపించండి. ఎంజీఎం దవాఖాన అయినా, దగ్గర్లోని పళ్ల డాక్టరైనా సరే. మచ్చలో ఎర్రదనం ఉన్నా, చేతికి గట్టిగా తగిలినా, రెండు వారాలకు మానని పుండు ఉన్నా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్నది ఉత్త మాట. గుట్కా, వక్క కూడా నములుతుంటే నోరు ఎంత తెరుచుకుంటుందో చూడండి. మూడు వేళ్లు నిలువుగా పట్టకపోతే అది కూడా డాక్టరుకు చెప్పండి.

మానిన మొదటి వారం చిరాకు, నిద్రలేమి ఉంటాయి. ఆ రోజుల్లో ఆయనతో గొడవ పెట్టుకోకండి. 1800-112-356కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు, అవసరమైతే డాక్టర్ మందులు రాస్తారు.

ఇంతకీ ఆయన రానంటే మచ్చ మాట ఎత్తకండి. ‘పన్ను ఊడిపోయేలా ఉంది, చూపిద్దాం పా నాయనా’ అని తీసుకెళ్లండి. కుర్చీలో కూర్చున్నాక మిగతాది డాక్టరే చూసుకుంటారు.