శుక్రవారం ప్రసంగమా, నెట్ కోచింగా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎంఏ ఇంగ్లీషు మొదటి సంవత్సరం చదువుతోంది. వాళ్ల విభాగంలో శుక్రవారం మధ్యాహ్నం అధ్యాపకులు భాష, సాహిత్యాల మీద ప్రసంగాలు చేస్తారట. వాటికి హాజరు తప్పనిసరి కాదు, మార్కులూ లేవు. సరిగ్గా అదే సమయానికి నెట్ (కాలేజీ అధ్యాపక ఉద్యోగాల అర్హత పరీక్ష) కోచింగ్ తరగతి ఉంది, ఫీజు కట్టేశాం. రెండు ప్రసంగాలకు వెళ్లి, సగం కూడా అర్థం కాలేదని చెబుతోంది. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుణ్ని. ఏది మానమని చెప్పాలి?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: మాస్టారూ, ప్రసంగాలు మానవద్దని చెప్పండి. కోచింగ్‌లో వారాంతపు బ్యాచ్‌కు మారే వీలుందేమో కనుక్కోండి. లేకపోతే ఆ ఒక్క పూట నోట్సు స్నేహితురాలి దగ్గర రాసుకోవచ్చు. సెమినార్ హాలులో జరిగేది అలా రాసుకుంటే వచ్చేది కాదు.

ముందు పరీక్ష సంగతి చూద్దాం. నెట్‌లో రెండు పేపర్లకూ కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటల సమయం. తప్పు జవాబుకు కోత లేదు. ఇంగ్లీషు సిలబస్‌లో పది యూనిట్లుంటే రెండు భాషవే. భాషకు సంబంధించిన మౌలిక భావనలు, బోధన, ఇంగ్లీషు వాడుక కలిపి ఒకటి. భారతదేశంలో ఇంగ్లీషు చరిత్ర ఒకటి. మన పిల్లలు నాటకం, కవిత్వం, నవల ఇష్టంగానే చదువుతారు. భాష దగ్గరికి వచ్చేసరికి నిర్వచనాలు బట్టీ పట్టి ఊరుకుంటారు. పరీక్ష గట్టెక్కడానికి అది చాలవచ్చు. అయితే 2024లో వచ్చిన మార్పుతో నెట్ ఫలితాన్ని పీహెచ్‌డీ ప్రవేశాలకూ తీసుకుంటున్నారు. జేఆర్ఎఫ్ (నెట్‌లో పైస్థాయి మార్కులకు ఇచ్చే పరిశోధన ఫెలోషిప్) రానివారి విషయంలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ. జేఆర్ఎఫ్ వచ్చినవారికీ ఇంటర్వ్యూ తప్పదు. ‘మీరు ఏ అంశం మీద పని చేస్తారు? ఎందుకు?’ అని అక్కడ అడుగుతారు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం అలవాటైన విద్యార్థి ఆ ప్రశ్నకు తెల్లబోవడం నేను చాలాసార్లు చూశాను.

తరగతి గదిలో అధ్యాపకుడు తనకు తేటతెల్లమైన పాఠం చెబుతాడు. విభాగ ప్రసంగంలో తనకింకా తేలని విషయాన్ని తోటివారి ముందు పెడతాడు. వాళ్లు ఆధారం అడుగుతారు, ఒప్పుకోరు, ‘మీరు చెప్పింది ఈ పేజీలో నిలబడదు’ అంటారు. ఒక సందేహం పరిశోధనాంశంగా ఎలా మారుతుందో విద్యార్థి కళ్లారా చూడగలిగేది అక్కడే.

నేను చదువుకునే రోజుల్లో విన్న ఒక ప్రసంగం ఇప్పటికీ గుర్తుంది. గంట సేపూ ఒకే సమస్య: తెలుగులో ‘మనం’, ‘మేము’ అని రెండు మాటలున్నాయి, ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. ఎదుటివారిని కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేము. ఇంతవరకు వ్యాకరణమే. ఆ తరువాత ప్రసంగించిన అధ్యాపకుడు ఒక ప్రశ్న వేశారు. ఒక కథలో కొత్త కోడలు అత్తవారింట్లో ‘మా ఇంట్లో ఇలా చేయరు’ అంటుంది. కొన్నాళ్లకు అదే అమ్మాయి అత్తగారితో ‘మనింట్లో ఇలా చేయం కదా’ అంటుంది. కథలో ఈ రెండు వాక్యాల మధ్య ఒక జీవితం గడిచిపోయింది. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చే అనువాదకుడు ఏం చేయాలి? హాలులో ముగ్గురు అధ్యాపకులు మూడు దారులు చెప్పారు, ఒకరిదొకరికి నచ్చలేదు. రోజూ నోటితో అనే మాటలో అంత ఉందని ఆ రోజు వరకు నాకు తట్టలేదు.

అందుకే మీరు తెలుగు మాస్టారు కావడం మీ అమ్మాయికి పెద్ద ఆస్తి అంటాను. ఇంగ్లీషు విభాగంలో తెలుగు అడ్డు అనుకునే పిల్లలు చాలామంది. అది నన్ను బాధపెట్టే అపోహ. మీ ఊరి గురజాడనే చూడండి. ‘కన్యాశుల్కం’ 1897లో ఒకసారి, మార్పులతో 1909లో మరోసారి వచ్చింది. వాడుక తెలుగులో రాసిన ఆ నాటకానికి రెండుసార్లూ ఆయన ముందుమాట ఇంగ్లీషులో రాశారు. ఎవరు చదవాలని? రెండు ముందుమాటల మధ్య ఆయన వాదన ఎక్కడ మారింది? మీ అమ్మాయి అడగదగ్గ ప్రశ్నలే ఇవి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆనర్స్ చదివిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ద్రావిడ భాషాశాస్త్రంలో ప్రపంచమంతా గౌరవించే పండితులయ్యారు.

అర్థం కావడం లేదన్న మాటకు వస్తే, మొదట్లో సగం అందకపోయినా మంచి ఆరంభమే. నోటీసు బోర్డులో ప్రసంగం శీర్షిక చూడగానే, అది ఏ రచన మీదో ఆ రచన నుంచి రెండు మూడు పేజీలైనా చదువుకుని వెళ్లమనండి. హాలులో అన్నీ రాసుకోనక్కరలేదు. తెలియని పదాలు, ఎదురు చెప్పాలనిపించిన ఒక వాక్యం రాసుకుంటే చాలు. చివరి ప్రశ్నల సమయంలో లేచి వెళ్లిపోకూడదు, అసలు సరుకు అక్కడే ఉంటుంది. మొదటి నెలల్లో అడగడానికి జంకితే, ప్రసంగం అయ్యాక ఆ అధ్యాపకుల దగ్గరికి వెళ్లి ‘దీని మీద ముందుగా ఏం చదవమంటారు?’ అని అడగమనండి. విద్యార్థి అలా వచ్చి అడిగితే సంతోషించని అధ్యాపకులు అరుదు. రేపు గైడు కోసం వెతుక్కునేటప్పుడు ఆ పరిచయం ఉపయోగపడుతుంది. భాష వైపు మనసు లాగితే హైదరాబాద్‌లోనే ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది. 1958లో ఇంగ్లీషు బోధన కోసం పెట్టిన కేంద్ర సంస్థే నేడు ఆ విశ్వవిద్యాలయం. అనువాదం వైపైతే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అందుకోసం ప్రత్యేక కేంద్రం ఉంది.

ఒక్క మినహాయింపు. ఎంఏ కాగానే ఉద్యోగం చేయక తప్పని పరిస్థితి ఇంట్లో ఉంటే, జూనియర్ లెక్చరర్ లాంటి పోటీ పరీక్షలకే ఎక్కువ సమయం కేటాయించాలి. అప్పుడైనా నెలకు ఒకటి రెండు ప్రసంగాలు వదలకపోవడం మంచిది.

శుక్రవారం రాత్రి అమ్మాయికి ఫోను చేసి, ‘ఈ రోజు ఎవరు ఎవరితో విభేదించారు? నువ్వు ఎవరి పక్షం?’ అని అడగండి. ఆమె తెలుగులోనే చెప్పనివ్వండి.