పరమాణువుల లెక్క సరిపోయినా రెడాక్స్ సమీకరణం ఎందుకు తప్పవుతుంది?

రాగి తీగను వర్ణరహితమైన సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో వేలాడదీస్తే, తీగ మీద వెండి సూదుల్లా పేరుకుంటుంది, ద్రావణం క్రమంగా నీలిరంగుకు తిరుగుతుంది. ఆక్సిజన్ ప్రమేయం లేకపోయినా ఇది రెడాక్స్ (ఆక్సీకరణం, క్షయకరణం కలిసి జరిగే) చర్యే, ఎందుకంటే ఎలక్ట్రాన్లను కోల్పోవడం ఆక్సీకరణం, గ్రహించడం క్షయకరణం. రాగి పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను కోల్పోతుంది. ద్రావణంలోని వెండి అయాన్ (+1 ఆవేశం గల వెండి పరమాణువు) ఒక్కదానినే గ్రహిస్తుంది. ఒక రాగికి ఒక వెండి అయాన్ చొప్పున రాస్తే పరమాణువుల లెక్క కుదురుతుంది గాని, ఎడమవైపు ఆవేశం +1, కుడివైపు +2 అవుతుంది. మరి మిగిలిన ఎలక్ట్రాన్ ఎక్కడికి పోయినట్టు? అందుకే వెండి అర్ధచర్యను, అంటే వెండి అయాన్ ఎలక్ట్రాన్‌ను గ్రహించడాన్ని మాత్రమే చూపే సమీకరణాన్ని, రెండుతో గుణించి, ఆ తరువాతే రాగి అర్ధచర్యతో కలపాలి. విద్యార్థులు తరచూ తడబడే చోటు మరొకటుంది: ఇక్కడ ఆక్సీకరణి (ఎదుటిదాన్ని ఆక్సీకరణం చెందించేది) రాగి కాదు, దాని ఎలక్ట్రాన్లను తీసుకుని తాను క్షయకరణం చెందే వెండి అయాన్.