తాతకు చెప్పమని మనవడిని పంపకండి

పర్లాకిమిడి నుంచి ఒక కోడలు రాశారు. 1954లో పుట్టిన మామగారు తెల్లారగట్ల ఐదింటికే ఘంటసాల పాటలు పెద్దగా పెడతారట. పదో తరగతి మనవడు పడమటి ఒడిశా సంబల్‌పురి భాష బీట్ల పాటలు పెడితే మాత్రం "ఆ రొద ఆపరా" అని కసురుతారట. వయసు మీదపడితే కొత్త పాటలు నచ్చవా, ఆయన్ని మార్చే దారి ఉందా అని అడిగారు.

లేదమ్మా, ఆ ప్రయత్నం మానుకోండి. పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య విన్న పాటలే మనిషిని ఎక్కువగా పట్టుకుంటాయి. 1974లో ఘంటసాల పోయేనాటికి మీ మామగారిది ఇరవై ఏళ్ల వయసు. రేపు మీవాడి వంతూ ఇంతే.

పెద్దగా పెట్టడం మాత్రం చెవి సంగతి కావచ్చు. వయసుతో ముందు తగ్గేది సన్నని, కీచు శబ్దాలు వినే శక్తి. దాంతో స, ష, త, క లాంటి హల్లులు మసకబారతాయి. పాత పాటలో గొంతు ముందు, వాద్యాలు వెనక. బీట్ల పాటలో మాట మీద డ్రమ్ములు పడతాయి, పైగా అది ఇంట్లో మాట్లాడని భాష. ఆయనకు మిగిలేది దడదడే. అలాంటి చెవికి చిన్న శబ్దం ఆనదు, కాస్త పెంచితే భరించలేదు. ఆ కసురు అందుకే అయ్యుండొచ్చు.

ముందు గులిమి ఉందేమో చూపించాలి, తర్వాత ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేయించాలి. బరంపురం మెడికల్ కాలేజీలో ఈఎన్‌టీ విభాగం ఉంది. ఈలోగా ఫోన్ ఈక్వలైజర్‌లో (బొంగురు, సన్నని శబ్దాలను విడివిడిగా తగ్గించి పెంచే సెట్టింగ్) బేస్ శబ్దాల 60 హెర్ట్జ్ గీతను 4 డెసిబెల్స్ దించి, హల్లులు తేటపడేలా 3600 దగ్గరున్నదాన్ని 4 పెంచండి. స్పీకర్‌ను గోడమూల నుంచి తీసి, ఆయన కుర్చీకి మూడడుగుల్లో చెవి ఎత్తున పెట్టండి. మూలన ఉంటే బేస్ ఉబ్బి మాటను మింగేస్తుంది. వాల్యూమ్ దానంతటదే తగ్గొచ్చు. ఇయర్‌బడ్స్ వద్దు, గులిమిని లోపలికి నెడతాయి.

ఆ ఇయర్‌బడ్స్ సంగతి మీరు ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో దాటేశారు. మీవారు కొని, కొడుకు చేతికిచ్చి "తాతకియ్యి, సౌండ్ తగ్గించమను" అన్నారని. తండ్రి అదే హాల్లో కూర్చునుండగా! నాకు కనిపించే రోగం అది. కన్నకొడుకు నోరు విప్పని ఇంట్లో ముసలాయన పాటలు కాక ఇంకేం వింటారు? ఆ తండ్రీకొడుకుల మధ్య మీరు రాయబారం నడపకండి, పిల్లాణ్ని నడపనివ్వకండి. మీవారినే ఎదురుగా, ముఖం కనిపించేలా కూర్చుని, అరవకుండా నిదానంగా మాట్లాడమనండి. వినపడని మాట కొంత పెదాల్ని చూసే అందుతుంది.

బరంపురం తీసుకెళ్లాల్సిందీ మీవారే, మీరు కాదు. సెలవు దొరకదంటే, తండ్రి కోసం చివరిసారి ఎప్పుడు పెట్టారో అడగండి.