జమ్ము వేరు, కుక్కగొడుగు వేరు

బిడ్డా,

నీ వ్యాసం అందింది. భాష బాగుంది. కానీ రెండో పేజీలో, నల్గొండ పానగల్లులోని ఉదయ సముద్రం చెరువులో గడ్డిలా పెరిగే జమ్మూ, కట్ట మీది చింతమొద్దుకు పుట్టిన కుక్కగొడుగూ తోబుట్టువులని, రెండూ తడి తాగి బతికే మొక్కలని రాశావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

కుక్కగొడుగు మొక్క కాదు. వంశం లెక్క తీస్తే జమ్ముకన్నా మనకే దగ్గరి చుట్టం. జమ్ము ఎండతో తన తిండి తనే వండుకుంటుంది. కుక్కగొడుగుకు ఆ విద్య రాదు. కట్టెలోకి సన్నటి దారాలు పంపి, రసాలు వదిలి, ఒంటి బయటే అరిగించి పీల్చుకుంటుంది. నువ్వు చూసిన గొడుగు దాని కాయ మాత్రమే, అసలు ఒళ్లు లోపలుంది. మొద్దును గోటితో గిల్లి చూశావా? తెల్లగా పీచులా ఊడొస్తే, కట్టెకు గట్టితనమిచ్చే లిగ్నిన్‌ను కూడా తినేసిందన్నమాట. గోధుమరంగులో గడులు గడులుగా పగిలితే కట్టెలోని పీచు పదార్థమైన సెల్యులోజ్ తిని లిగ్నిన్ వదిలేసింది. ఏది చూశావో చెప్పకుండా ‘శిథిల సౌందర్యం’ అని తేల్చేశావు.

పోల్చాలనుంటే గాలి దగ్గర పోల్చు. జమ్ము ఆకును అడ్డంగా కొయ్యి, లోపలంతా గాలి గదులే. ఊపిరాడని బురదలో ఉన్న దుంపకు గాలి వాటి గుండానే దిగుతుంది. కుక్కగొడుగుకు తడి ఎంత కావాలో గాలీ అంతే కావాలి. అందుకే బురదలో పూర్తిగా కూరుకుపోయిన దుంగ దానికి చిక్కదు. అదే దుంగ ఒడ్డున నానుతూ ఆరుతూ పడుంటే పుచ్చిపోతుంది. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి.

చూడనిదాన్ని పోల్చకూడదు. చాదస్తం అనుకున్నా సరే. కుర్రతనంలో నా కథలో ఒక ముసలమ్మ జమ్ముతో చాప అల్లుతుంది. వారపత్రిక ఎడిటరు గారికి జమ్ము మోటుగా తోచి, నన్నడగకుండా తామర చేశాడు. మా ఊళ్లో చాపలల్లే అవ్వ ఆ కథ చదివించుకుని, ‘తామరతోని సాప ఎట్ల అల్లుతరు కొడుకా?’ అని పడీపడీ నవ్వింది. ఆ ఎడిటరుకు తర్వాత సన్మానాలు కూడా జరిగాయి. ఇప్పుడూ అంతే, చెట్టు పేరు కొట్టేసి ‘ప్రకృతి’ అని రాస్తే చాలు, అచ్చేస్తారు.

ఇంకొకటి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కొమ్మ విరగడానికీ కుక్కగొడుగే కారణమని రాశావు. 2018లో ఆ మర్రికి సెలైన్ సీసాలు కట్టి ఎక్కించింది చెదల మందు. ఆ వాక్యం కొట్టేసి, మొద్దు గిల్లి చూశాక మిగతాది పంపు.