సమాధానం: లింకులో బొమ్మలు రావు, అక్షరాలు చెదురుతున్నాయి

కావలి అన్నా, పోటీకి పంపిన మీ ఉదయగిరి కోట కథ మీ సిస్టంలో బాగానే ఉండి, లింకులో బొమ్మల్లేకుండా, అక్షరాలు చెదిరి వస్తోందన్నారు. రెండూ వేర్వేరు జబ్బులు.

మీటలు నొక్కుతూ చదివే కథలు తయారుచేసే ట్వైన్ సాఫ్ట్‌వేర్ ఇచ్చేది ఒక్క హెచ్‌టీఎంఎల్ (వెబ్‌పేజీ) ఫైలే, బొమ్మలు అందులో చేరవు. పక్కన ఫోల్డర్‌లో పెట్టి, కథలో ఫోల్డర్ పేరు, ఫైలు పేరు మాత్రమే రాయండి. సీ డ్రైవ్ దారి రాస్తే మీ దగ్గర తప్ప ఎక్కడా దొరకదు. పేర్లన్నీ స్మాల్ లెటర్స్‌లోనే పెట్టండి. విండోస్ ఆ తేడా పట్టించుకోదు గానీ చాలా సర్వర్లు పట్టించుకుంటాయి.

ఇక అసలు తలనొప్పి అక్షరాలది. నెల్లూరు డీటీపీ సెంటర్లో అను అనే పాత తెలుగు ఫాంటులో కొట్టించానన్నారు గదా, ముందు దాన్ని యూనికోడ్‌లోకి (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ గుర్తించే అక్షర పద్ధతిలోకి) మార్చాలి. లేకుంటే ఏ ఫాంటు పెట్టినా గజిబిజే. తర్వాత నోటో సాన్స్ తెలుగు ఫాంటు ఫైలును అదే ఫోల్డర్‌లో ఉంచి, స్టైల్‌షీట్‌లో (పేజీ రూపం చెప్పే చోట) ఫాంట్-ఫేస్ అనే ఆదేశంతో కలపండి. లైన్-హైట్ (వరసల ఎత్తు) 1.7 పెడితే వత్తులు కింది వరస గుడులకు తగలవు. ఒక్కో అక్షరం టైపయ్యే ఎఫెక్ట్ మాత్రం తీసేయండి. 'క్ష' ముందు పొల్లుగా కనబడి తర్వాత అతుక్కుంటుంది, చూడ్డానికి అసహ్యం.

డిజిటల్ రచనలకిచ్చే న్యూ మీడియా రైటింగ్ ప్రైజ్ లాంటి బయటి పోటీలకైతే ఇంగ్లీషు పాఠానికీ ఒక బటన్ పెట్టండి. పంపేముందు వేరేవాళ్ల ఫోన్‌లో తెరిచి చూడండి.